బల్బు ఎర్రబడితే ఆపెయ్యమన్నావు

గుంతకల్లు,
ఆగస్టు 17, ఆదివారం.

నాయనకు,

పొద్దున తలుపు తీసేసరికి మామ సైకిలు సీటు మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. వాన! మేమంతా నిద్రలో ఉండగా వచ్చి పోయింది. గుమ్మఘట్ట వైపు కూడా వచ్చిందా? మన వేరుశనగ చేనికి పదును అందిందా? ముందు ఆ కబురు రాయి.

నీకు, అమ్మకు, అవ్వకు దణ్ణాలు. అందరూ బాగున్నారని అనుకుంటాను. ఇక్కడ మామ, అత్త, నేను బాగున్నాం. నా గురించి దిగులు పడొద్దు. కాలేజీకి రోజూ పోతున్నాను, వేళకు తింటున్నాను. ఆదివారం అత్త ఉగ్గాని చేస్తుంది. ఎంత బాగున్నా, సంగటిలోకి అమ్మ నూరే ఊరిబిండి గుర్తొస్తూనే ఉంటుంది. రైలు కూతలకు మొదట్లో ఉలిక్కిపడి లేచేదాన్ని. ఇప్పుడు అలవాటైంది. నిజంగా బాగున్నాను.

మామ ఇంట్లో కంప్యూటరు ఉందని రాశాను కదా. బుధవారం దానికి కొత్త అప్‌డేట్ వచ్చింది. కమ్మరి దగ్గర నాగలికర్రు సాగగొట్టించుకుంటాం చూడు, అలాంటి పనే, కాకపోతే లోపలి ఏర్పాట్లను అదే బాగుచేసుకుంటుంది. ఎంత శాతం అయిందో తెర మీద కనిపిస్తుంది, కింద ‘ఆపవద్దు’ అని ఇంగ్లీషులో ఉంటుంది. నాలుగు సాయంత్రాలూ సగంలోనే చెడిపోయింది. చేసినదంతా వెనక్కి తీసుకుని మళ్ళీ మొదలుపెడుతుంది. లోపలికి మాత్రం పోనివ్వదు.

లోపల నా మాటల ఫైలు ఉంది నాయనా. వేసవిలో కంటి ఆపరేషనుకు వచ్చి అవ్వ ఇక్కడ ఉన్న నెలరోజులూ, ఆమె చెబుతుంటే నేను టైపు చేసిన మన పాత మాటలు, వాటి అర్థాలు అన్నీ అందులోనే ఉన్నాయి. కాగితం మీద ఒక్కటీ రాసుకోలేదు. మళ్ళీ అడుగుదామంటే, అవ్వకు ఇప్పుడు నా పేరే గుర్తుండడం లేదని పోయిన ఉత్తరంలో నువ్వే రాశావు.

నిన్న మామ విసిగిపోయాడు. “ఇదేం గ్రహచారమప్పా! సోమవారం ఖాదర్‌కిచ్చి అంతా తుడిపేసి కొత్తగా ఎక్కించమంటా. ఎన్ని దినాలు చూసేది?” అన్నాడు.

“నేను దేన్నీ ముట్టలేదు మామా” అన్నాను. అప్పటికి అది నిజమనే అనుకున్నాను.

వీధి చివర రేడియోలు, కంప్యూటర్లు బాగుచేసే ఖాదరన్న ఇవాళ టిఫిను వేళకు వచ్చాడు. వైర్లన్నీ లాగి చూసి నన్ను అడిగాడు.

“మధ్యలో కరెంటు పోతాండాదా పాపా?”

“పోదన్నా. లైటు మసకబారుతుంది, అంతే.”

“మసకబారితే?”

“ఆపేస్తాను కదా.”

ఆ మాట నా నోట్లోంచి వచ్చాకే నాకు వినిపించింది. ఉగ్గాని ప్లేటు పట్టుకుని నిలబడిన అత్త పగలబడి నవ్వింది. “చూసినావా ఖాదరూ! నాలుగు దినాల్నుంచి ఆ పెట్టెకు దిష్టి తగిలిందని చెప్పి నాతో నిమ్మకాయ కట్టించింది ఈ పిల్లే!”

“ఏం పాపా, ఇది బోరు మోటారనుకున్నావా?” అన్నాడు ఖాదరన్న. “స్టెబిలైజరు ఉండాది గదా, కరెంటు తగ్గితే అది చూసుకుంటాది. నువ్వు గమ్మునుండు, అదే పెద్ద రిపేరు.”

మామ నవ్వలేదు. “ఈ సాయంత్రం దాంకా చూద్దాం” అన్నాడు.

నాకు మన బోరు దగ్గరి రేకుల షెడ్డు కళ్ళముందు కదిలింది నాయనా. నాలుగో తరగతి సెలవుల్లో నన్ను మోటారుకు కాపలా పెట్టి, “కరెంటు తగ్గి బల్బు ఎర్రబడితే ఎవర్నీ అడగొద్దు పాపా, ఆపెయ్” అన్నావు. ఒకరోజు చింతకాయల కోసం పోయి వచ్చేసరికి కాలిన వాసన. నువ్వు తిట్టలేదు. మోటారును బండి మీద వేసుకుని రాయదుర్గం పోయావు. అది తిరిగొచ్చేలోపు మిరపమడి ఎండిపోయింది. “ఇంకోసారి చూసుకుందువులే” అన్నావు, అంతే. ఆ మాట నా చేతిలో ఉండిపోయింది. లైటు వణికితే చాలు, నాకంటే ముందు చెయ్యి లేస్తుంది.

ఈ ఉత్తరం కంప్యూటరు ముందే కూర్చుని రాస్తున్నాను. చేతికి పని లేకపోతే స్విచ్చి మీదికి పోతుందని అత్తే కాగితాలు ఇచ్చింది. ఇప్పుడు నలభై రెండు శాతం.

అరవై. ట్యూబులైటు మసకబారింది. ఎడమచెయ్యి లేచింది. తొడ కింద అదిమిపెట్టి కూర్చున్నాను. కాలిన వాసన రాలేదు.

లైటు మళ్ళీ తెల్లబడింది. వానకు చుట్టుపక్కల బోర్లన్నీ ఆపేసి ఉంటారు, ఇవాళ కరెంటు నిండుగా ఉంది అంటున్నాడు మామ.

మూడున్నర. తెరుచుకుంది నాయనా! ఫైలు ఉంది. మొదటి మాట ‘బెట్ట’. దాని కింద అవ్వ చెప్పింది చెప్పినట్టే ఉంది: “బెట్ట అంటే ఎండ కాదు పాపా. వాన కోసం చూసి చూసి నేల అలిగిండే కాలం.” మామ నా భుజం మీదుగా వంగి రెండుసార్లు చదివాడు. “దీన్నేనా నేను తుడిపెయ్యమనింది!” అని బయటికి పోయి సైకిలు తుడుచుకుంటున్నాడు.

అమ్మను కొంచెం ఊరిబిండి చేసి, ఇటు వచ్చేవాళ్ళ చేతికి ఇవ్వమను. పక్కింటి పెద్దమ్మకు, మన వీధి పెద్దలకు నా దణ్ణాలు చెప్పు. అవ్వ చెయ్యి నా ఉత్తరం మీద ఒకసారి పెట్టించు, ఆ దీవెన నాకు చాలు.

రేపు అవ్వ అన్నట్టు మబ్బులోనే, అంటే తెల్లవారకముందే, లేచి మాటలన్నీ నోటుబుక్కులోకి ఎత్తి రాయడం మొదలుపెడతాను. మొదటి పేజీ చించి ఈ కవరులోనే పెట్టి, కాలేజీకి పోతూ పోస్టు చేస్తాను. అవ్వ కుడిచెవి దగ్గర గట్టిగా చదువు. ఎవరు చెప్పిన మాటలివి అని అడిగితే, నువ్వేనమ్మా అని చెప్పు.

నీ చల్లని మాట కోరే కూతురు,
సరోజ