ఎడమ చేతి సంతకం

కెనడాలోని మార్కమ్‌లో భర్తకు వేరుగా ఉంటున్న చంద్రకళ అనే నేను, వయసు యాభై నాలుగు, మతి స్థిరంగా ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఎడమ చేత్తో రాసుకుంటున్న మరణశాసనం ఇది. ఇంతకుముందు రాసినవేవీ చెల్లవు. నా పాత కాగితాల మీది సంతకంతో ఇది కలవదు. కాబట్టి ఇది నాది కాదని నా భర్త త్యాగరాజు కోర్టుకెక్కుతాడు. ఎందుకు కలవదో మూడో అంశంలో ఉంది.

1. నా పేరున ఉన్నదంతా నా కూతురు సాత్వికకు చెందాలి. అమలు బాధ్యతా తనదే. తనకు తెలుగు చదవడం రాదు. సాక్షులు ఇంగ్లీషులో చెప్పాలి, మూడో అంశంలో ఒక్క మాట కూడా మెత్తబరచకుండా.

2. గ్రైండరు నా దగ్గర పిండి కొనే రాధికకు. లాక్‌డౌన్‌లో నలభై ఇళ్లకు ఇడ్లీపిండి, కూరలు డబ్బాల్లో సర్ది గుమ్మం బయట పెట్టేదాన్ని. మూతల మీద పేర్లు వంకరపోయాయేమని అడిగింది ఆమె ఒక్కతే. ఆమెకూ అబద్ధమే చెప్పాను. క్షమించాలి.

3. 2020 మే నెల, మిల్టన్ ఇల్లు. ఆయనకు ఇంటి నుంచే ఉద్యోగం, సాత్వికకు ఆన్‌లైన్ క్లాసులు, మంచంలో అత్తగారు. ముగ్గురి పనీ అయ్యాకే నా వ్యాపారం. ఆయన మీటింగుల్లో గ్రైండరు తిప్పకూడదు. మీటింగు అయిపోయిందనుకుని ఆ మధ్యాహ్నం బేస్‌మెంట్‌లో స్విచ్చి వేశాను. అవలేదు. ఆయన మ్యూట్ చేసి దిగి వచ్చాడు. నా నోట్లో మసిగుడ్డ కుక్కి, కుడి చెయ్యి తలుపు సందులో పెట్టి మూడుసార్లు మూశాడు. మూడోసారి ఎముక విరిగింది. పైకెళ్లి మ్యూట్ తీసి, చిన్న డిస్టర్బెన్స్, సారీ అని వాళ్లకు చెప్పడం కిందికి వినిపించింది. నాలుగింటికి కాఫీ అడిగాడు. ఇచ్చాను. ఇచ్చినందుకు నా మీద నాకు ఇప్పటికీ అసహ్యం.

చెయ్యి గ్రైండర్‌లో పడింది, రేపటి ఆర్డర్లు మామూలే అని వాట్సాప్ గ్రూపులో పెట్టింది నేనే. పోలీసులొస్తే లైసెన్సు లేని నా వంట మూయిస్తారని భయపడ్డాను. ఆయన ఆ మెసేజే కోర్టులో చూపిస్తాడు. అది అబద్ధం. ఇది నిజం.

4. త్యాగరాజుకు, సరిగ్గా అతుక్కోని నా కుడి చేతి ఎక్స్‌రే. నా శవాన్ని ఆయన తాకకూడదు. తాకితే ఆ చేతిని కూడా తలుపు సందులో పెట్టి మూయండి. ఇలా రాయకూడదని లాయరు అన్నారు. రాశాను.

5. సాత్వికా, ఆ రోజు గ్రైండరు మోతకు నీ క్లాసు పాడవుతుందని నిన్ను హెడ్‌ఫోన్స్ పెట్టుకోమన్నది నేనే. నీకు వినపడకపోవడంలో నీ తప్పేమీ లేదు.

తేదీ: 14 మార్చి 2025

సంతకం, ఎడమ చేత్తో: చంద్రకళ

సాక్షులు: విశాలాక్షి, జయదేవ్. ఈమె ఎడమ చేత్తోనే సంతకం చేయడం మేమిద్దరం ఒకేచోట ఉండి చూశాం. కుడి చెయ్యి కూడా చూశాం.