అంటకుండా చూసుకోండి

మరదలా,

ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. నీ గొంతు వినగానే "బాగానే ఉన్నా, తిన్నా, పడుకుంటా" అనే మూడు ముక్కలు తప్ప నాకు నోరు పెగలదు. ఇవాళ వాన పడుతోంది కాబట్టి మొక్కలకి నీళ్లు పెట్టే పని లేదు. నర్సరీలో రేకుల షెడ్డు కింద, ఖాళీ కుండీల మధ్య స్టూలు వేసుకుని కూర్చున్నాను. రాస్తుంటే మోచేతి నుంచి పొట్టు రాలి అక్షరాల మీద పడుతోంది. ఊదేసి మళ్లీ రాస్తున్నాను. నువ్వు విప్పేసరికి ఇంకా ఏమైనా మిగిలి ఉంటే దులిపెయ్.

అలసిపోయానే. దురదతో కాదు, మంటతోనూ కాదు. ఈ సోరియాసిస్ మనిషిని చంపదు, మంచాన పడెయ్యదు, పోనీ వదిలి పోతుందా అంటే అదీ లేదు. మోచేతుల మీద తగ్గిందని సంబరపడేలోపు మోకాళ్ల మీద లేస్తుంది. అక్కడ అణిగితే తలలో మొదలవుతుంది. లేవగానే దుప్పటి దులుపుకోవాలి, స్నానమయ్యాక ఒళ్లు పూర్తిగా ఆరకముందే క్రీము రాసుకోవాలి, ముదురు రంగు చొక్కా వేసుకోకూడదు, గోకకూడదు. రోజంతా నాకు నేనే నర్సుని, నేనే రోగిని. ఇద్దరికీ సెలవు లేదు. ఇక కనబడినవాడల్లా వైద్యుడే. ఒకాయన ఉప్పు మానెయ్యమంటాడు, ఇంకొకాయన పాలు మానెయ్యమంటాడు. అందరి మాటా వింటే నేను తిండే మానెయ్యాలి.

ఇక్కడ నా పని నీకు తెలుసు కదా, గులాబీలకి అంటు కట్టడం. అడవి గులాబీ కొమ్మకి చిన్న గాటు పెట్టి, మంచి గులాబీ మొగ్గ అందులో దూర్చి కట్టెయ్యడం. చేతికి తొడుగులు వేసుకుంటే మొగ్గ వేలికి తెలియదు. వేసుకోకపోతే కత్తి గీసిన చోటల్లా, ముల్లు గుచ్చుకున్న చోటల్లా కొత్త మచ్చ లేస్తుంది. దెబ్బ తగిలిన చోటే అది లేస్తుందని డాక్టరు ముందే చెప్పాడు. మొన్న నాతో పనిచేసే ముసలాయన నా వేళ్లు చూసి, "అంటు కట్టే చేతికి అంటు రాక ఏమొస్తుందిరా!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వడానికే ఎక్కువ ఓపిక పట్టింది.

ఇదంతా నీకు తెలిసిందే. తెలియనిది ఇప్పుడు చెబుతాను. కిందటి చలికాలం మనం ఆసుపత్రికి వెళ్లాం గుర్తుందా? డాక్టరు చూడటం అయ్యాక నేను తెర వెనక చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను. నువ్వు మన పాపని చంకనేసుకుని అవతల నర్సమ్మతో మాట్లాడుతున్నావు. ఆవిడ అన్న మాట నాకు వినబడింది. "పాపకి అంటకుండా చూసుకోండమ్మా." నువ్వు "సరేనండి" అన్నావు. నా దగ్గరికొచ్చాక మాత్రం ఆ ఊసే ఎత్తలేదు. బస్సులో పాపని నా పక్కన కాకుండా అటు కిటికీ వైపు కూర్చోబెట్టుకున్నావు. ఇది అంటురోగం కాదని డాక్టరు నాతో అన్నాడు, నిజమే. కానీ రోగికి ధైర్యం కోసం ఒక మాట, ఇంట్లోవాళ్లకి జాగ్రత్త కోసం ఇంకో మాట చెబుతారు కదా. నాకు మొదటి మాట చెప్పారు. రెండోది నీకు చెప్పారు.

నీ మీద కోపం లేదు. తల్లివి, చూసుకోవాల్సిందే. నీకు ఆ కష్టం ఎందుకని కంచం నేనే వేరు చేసుకున్నాను, తువ్వాలు వేరు చేసుకున్నాను. పాప పరుగెత్తుకొస్తే "తాకొద్దు, తాకొద్దు" అని వెనక్కి జరిగేవాణ్ని. మొదట్లో ఏడ్చేది. తర్వాత ఏడవడం మానేసింది. ఏడ్చినప్పుడే నయం. సీజను పని ఎక్కువగా ఉందని చెప్పి ఈ షెడ్డుకి వచ్చి పడుకుంటున్నది కూడా అందుకే. పని ఎప్పుడూ ఉండేంతే ఉంది.

యజమాని కొండల అవతల ఇంకో నర్సరీ పెడుతున్నాడు. అక్కడే ఉండిపోయే మనిషి కావాలట. సోమవారం ఏ సంగతో చెబుతానన్నాను. వెళ్తాననే చెబుతాను. పాపకి ఏదో ఒకటి నచ్చజెప్పు, నీకు చేతనవుతుంది. మందు రాసుకోవడం కూడా ఆపేశాను. ఇక ఎవరి కోసం రాసుకోవాలి?

నీ బావ

బావా,

నీ ఉత్తరం చదివితే ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, ఆ తర్వాత నిన్ను నాలుగు తన్నాలనిపించింది. ఆ మూడోది ఇంకా తగ్గలేదు.

"పాపకి అంటకుండా చూసుకోండి" అని నర్సమ్మ అన్నది నిజమే. ఏది అంటకుండా? అది నువ్వు వినలేదు, ఎందుకంటే ఆవిడ అనలేదు. ఆవిడ చేతిలో ఆయింట్‌మెంట్ ట్యూబు ఉంది, దాన్ని చూపిస్తూ అంది. మందు, బావా! నీ మందు! అది ఘాటుది, పసిపిల్లల ఒంటికి పడదు, రాసుకున్న వెంటనే ఎత్తుకుంటే పిల్లకి అంటుకుంటుందని ఆవిడ జాగ్రత్త చెప్పింది. తెర వెనక ఉన్న మహానుభావుడికి ట్యూబు ఎలా కనబడుతుంది? మన తెలుగులో ఏది అన్నది చెప్పకుండానే మాట పూర్తయిపోతుంది. దాంతోపాటు నా సంసారం కూడా పూర్తయిపోయేది. నీకు డాక్టరే చెప్పి ఉంటాడనుకుని నేను మళ్లీ చెప్పలేదు. బస్సులో కిటికీ కోసం నీ కూతురు ఎంత గోల చేసిందో అది మాత్రం నీ చెవిన పడలేదు.

నువ్వు కంచం వేరు చేసుకున్నప్పుడు నా వంట మీద అలిగావనుకున్నాను. తువ్వాలు వేరు చేసినప్పుడు నేనంటేనే విసుగు పుట్టిందనుకున్నాను. పిల్లని ఎత్తుకోవడం మానేశాక ఇక అనుకోవడానికి ఏమీ మిగల్లేదు. నేనూ అలసిపోయాను బావా. నీ దుప్పట్లు దులిపి కాదు, నువ్వు ఏదీ చెప్పకపోతే నాలో నేనే ఊహించుకుని ఊహించుకుని.

నిన్న పనికి సెలవు పెట్టి ఆ డాక్టరు దగ్గరికే వెళ్లాను. మొహమాటం లేకుండా అడిగాను. తాకితే వస్తుందా, ఒకే కంచంలో తింటే వస్తుందా, ఒకే పక్క మీద పడుకుంటే వస్తుందా అని. "రాదమ్మా, దేనికీ రాదు" అన్నాడు. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే పొరబడి చర్మాన్ని తొందరపెడుతుందట. నెలకి మారాల్సిన చర్మం కొద్దిరోజులకే మారిపోతుందట, అదే నీ పొట్టు. "మరి మా పాపకి?" అన్నాను. "కొన్ని కుటుంబాల్లో వస్తుంది, చాలామంది పిల్లలకి రాదు. మీ పాప సంగతి నేను చెప్పలేను. నాన్న ఎత్తుకున్నందుకు మాత్రం రాదు" అన్నాడు. నీ దగ్గర దాచను, ఆ మొదటి మాటకి భయమేసింది. బయటికొచ్చి బెంచీ మీద కాసేపు కూర్చుండిపోయాను. తర్వాత అనిపించింది, ఒకవేళ దానికి వచ్చినా, ఏం చెయ్యాలో ఎలా ఓర్చుకోవాలో తెలిసిన మనిషి ఇంట్లో ఒకడున్నాడు కదా అని. ఆ మనిషి కొండల అవతల ఉంటే నాకేం లాభం?

మందు నీ అంతట నువ్వే ఆపేశావంటే ఆయన నాలాగే తిట్టాడు. ఉన్నట్టుండి ఆపితే ఇంకా రేగుతుందట. ఇది కొందరికి కీళ్లకీ పాకుతుందట, పొద్దున లేవగానే వేళ్ల కీళ్లు బిగుసుకుంటున్నాయా అని అడిగాడు. నువ్వు షెడ్డులో ఉంటే నాకేం తెలుసు? ఒకసారి వచ్చి చూపించుకోమన్నాడు, ఈ మందు చాలకపోతే వేరేవి ఉన్నాయట. పూర్తిగా పోతుందని మాత్రం అనలేదు. అణిగి ఉంటుంది, అప్పుడప్పుడు లేస్తుంది, లేచినప్పుడల్లా ఓపికగా చూసుకోవాలి. అచ్చం అత్తయ్య కోపంలాగే. దాన్ని ఇన్నేళ్లు నెట్టుకొచ్చాం, దీన్ని నెట్టుకురాలేమా?

ఒక్కదానికి మాత్రం ఆయన దగ్గర మందు లేదు. సాయంత్రం పాపని "నాన్న దగ్గరికి వెళ్దామా?" అని అడిగాను. "నేను రాను. నేను ముట్టుకుంటే నాన్నకి పుండ్లు లేస్తాయి" అంది. ఎవరు చెప్పారే అంటే బిక్కమొహం వేసింది. ఎవరూ చెప్పలేదు బావా. నువ్వు తాకొద్దంటూ వెనక్కి జరిగిన ప్రతిసారీ, తన చేతుల వల్లనే నీకిలా అయిందని అది అనుకుంది. ఇప్పుడు నీ మాటెత్తితే చాలు, చేతులు రెండూ వీపు వెనక దాచుకుంటోంది. కాదమ్మా అని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. నువ్వు డాక్టరుని నమ్మనట్టే అది నన్ను నమ్మడం లేదు.

సోమవారం యజమానితో ఏం చెబుతావో నీ ఇష్టం. ఆదివారం మాత్రం ఇంటికి రా. రాత్రి మందు రాసుకుని, పొద్దున స్నానం చేసి బయలుదేరు. తలుపు పాప చేతే తీయిస్తాను. నిన్ను చూడగానే అది వెనక్కి జరుగుతుంది.

నువ్వు జరగకు.

నీ మరదలు