కదలని చుట్టంలాంటి వాన

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీర్వదించి రాస్తున్నది. దేవుడి దయవల్ల అమ్మా నేనూ కుశలం. నీ కుశలం రోజూ ప్రార్థనలో అడుగుతూనే ఉన్నాను.

నర్సమ్మ చేత నువ్వు రాయించిన ఉత్తరం అందింది. ఆవిడ అక్షరం గుండ్రంగా ఉంది. నీ చెయ్యి ఇక కలం పట్టదని పెద్ద డాక్టరు చెప్పిన సంగతి అమ్మకు తెలియనివ్వలేదు. కాస్త నొప్పిగా ఉందట అన్నాను.

అమ్మ మోకాళ్ళకు మందు మార్చారు, గుణం లేదు. నీ గది కిటికీ ఇంకా బాగుపడలేదు. వడ్రంగి రేపు రేపంటూ నెల దాటించాడు.

ఇక నీ నవల. అచ్చయింది. అట్ట నీలమే, నువ్వు కోరినట్టు. అయిదో ప్రకరణంలో వాన ఎలా వచ్చిందని అడిగావు.

తమ్ముడూ, ఆ వాన లేదు. "పలకరించడానికొచ్చి కదలని చుట్టంలా, వాన మా గుమ్మంలో మూడు రోజులు కూర్చుంది" అని రాశావు. పుస్తకంలో "మూడు రోజులు వాన పడింది" అని ఉంది. కొట్టేసింది నేనే. అదొక్కటే కాదు, నీ పోలికలన్నీ.

ప్రూఫులు దిద్దుతుంటే మా ప్రెస్సు ఫోర్‌మన్ గారు నవ్వారు. "అక్కగారూ, మీ తమ్ముడి నవల్లో కుర్చీ కూడా ఏడుస్తుందండీ! పుస్తకంతో పాటు తువ్వాలు కూడా మనమే ఇవ్వాలి." ఆ మాట గుచ్చుకుంది. నిన్ను చూసి ఎవరూ నవ్వకూడదనుకున్నాను. చీకటంతా ఆ పోలికల్లోనే ఉందనిపించింది. అవి తీస్తే కథ తేలికపడుతుందని, పదిమంది చదువుతారని, ఒక్కొక్కటే కొట్టుకుంటూ పోయాను. ముప్పై ఏళ్ళుగా ఒకరి తప్పులు దిద్దిన చెయ్యి, ఆగలేదు. నిన్నొక్క మాట అడగలేదు.

మొన్న అమ్మకు చదివి వినిపించాను. వాన దగ్గర ఆపింది.

"మూడు రోజులు వాన పడిందా? ఇదేమన్నా రేడియోలో వాతావరణమా? వాడేడే ఇందులో?"

"నువ్వు విన్న కథేనమ్మా."

"కథ అదేలే. వాడే లేడు. ఏం చేశావే పెద్దదానా?"

పుస్తకం మళ్ళీ తిరగేశాను. నాన్న పోవడం ఉంది, ఇల్లు ఖాళీ చేయడం ఉంది. దుఃఖం ఇసుమంతైనా తగ్గలేదు. పక్కన కూర్చుని దాన్ని చెప్పే మనిషి పోయాడు.

మర్నాడు పొద్దున్నే రాతప్రతి కోసం పరుగెత్తాను. అచ్చు పని ముగిసిన కాగితాలను మా ప్రెస్సులో పుస్తకాల కట్టలకు చుడతారు. తెలిసీ తీసి దాచుకోలేదు. కట్టలన్నీ ఊళ్ళకు వెళ్ళిపోయాయి. లోపల నేను దిద్దిన పుస్తకం, పైన నువ్వు రాసిన నవల. విప్పినవాళ్ళు పైది చించి పారేసి ఉంటారు.

మళ్ళీ అచ్చు వెయ్యరట. నీ పోలికలు గుర్తు తెచ్చుకుని రాసుకుందామని కూర్చున్నాను. నాలుగే వచ్చాయి.

క్షమించమని దేవుణ్ణి ఇంకా అడగలేదు. ముందు నిన్ను అడగాలి. అడగడానికీ మొహం లేదు.

ఇల్లు ఎలా ఉందో రాయమన్నావు. మూడు రోజులుగా వాన పడుతోంది. అంతకంటే చెప్పడం నాకు రాదు.

ఇట్లు,
నీ పెద్దక్క