నడుము తిరగని వాడి సల్సా

అక్కయ్యా,

నేను సల్సా నేర్చుకుంటున్నానంటే ఫోనులో పడీ పడీ నవ్వావు. నవ్వు, నీకేం! నడుము తిప్పాల్సింది నువ్వు కాదుగా. రోజంతా ఆగిపోయిన లిఫ్టుల్లో దూరి, లోపల చిక్కుకున్న వాళ్ళని బయటికి లాగే మనిషిని. సాయంత్రానికి నన్నే ఎవరో ఒకరు లాగాలి. అలాంటిది ఈ పరాయి దేశంలో, గోళ్ళలో గ్రీజైనా వదలకముందే, బట్టల కొట్టు మేడ మీది అద్దాల గదిలో నన్ను నిలబెట్టి ఆడమంటోంది నీ మరదలు. ఎడమ కాలు వెయ్యమంటే కుడి కాలు పడుతుంది. నడుము తిప్పమంటే మెడ తిరుగుతుంది. పాట మరీ వేగంగా ఉందన్నాను. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది" అంది నీ మరదలు, నవ్వనైనా నవ్వకుండా.

ఆ టీచరమ్మకి నా మీద ఏం పగో! పాట ఆపేసి మరీ "అది మీ ఆవిడ చెయ్యి, కూరల సంచీ కాదు. సరిగ్గా పట్టుకోండి" అని అందరి ముందూ కేకలేస్తుంది. పోనీ నీ మరదలికైనా సరదాగా ఉందా అంటే అదీ లేదు. కళ్ళజోళ్ళ కొట్లో పొద్దస్తమానం నిలబడి వస్తుంది, కాళ్ళు పీకుతున్నాయంటుంది. అయినా క్లాసు రోజున నాకన్నా ముందే చెప్పులు వేసుకుని గుమ్మంలో తయారు. "ఎందుకే మనకీ గోల?" అంటే, "వస్తారా, రారా? అది చెప్పండి" అంటుంది. ఇంక మానేస్తున్నాను. ఖాయం. నువ్వు చెప్పినా వినను.

విసిగిపోయిన
నీ తమ్ముడు

అక్కయ్యా,

మానేశావా అని అడిగావు. దానికి ముందు ఇంకోటి చెప్పాలి. ఫోను చేసినప్పుడల్లా "విశేషమేమైనా ఉందా?" అంటావు. ఉండేది అక్కా. ఐదో నెలలో పోయింది. ఎవరికీ చెప్పొద్దని నీ మరదలే అంది. ఆసుపత్రి నుంచి వచ్చాక తనకి కాస్త నిద్ర పట్టనీ అని నేను సోఫా మీద పడుకున్నాను. ముట్టుకుంటే ఏడుస్తుందేమోనని భయం. నేనే ఏడుస్తానేమోనని కూడా. అలా ఆ సోఫాయే నా పక్క అయిపోయింది. తిన్నావా, తలుపు వేశావా, ఇవే మా మాటలు.

మొన్న క్లాసుకి వెళ్తూ, బస్సు దిగగానే తేల్చేశాను. "ఇది నా వల్ల కాదు. మానేద్దాం."

"మానేస్తే ఇంట్లో నా చెయ్యి పట్టుకుంటారా?" అంది.

"దానికీ దీనికీ ఏం సంబంధమే?" అన్నాను.

"అక్కడైతే టీచరమ్మ తిట్టైనా పట్టిస్తుంది. అందుకే వస్తున్నా. ఈ డాన్సు ఎవరికి కావాలండీ!"

మెట్లెక్కాం. ఖర్మ కాలి ఆ రోజే టీచరమ్మ జంటలు మారమంది. అందరూ అందరితో ఆడితేనే వస్తుందట. నేను తన చెయ్యి వదల్లేదు. ఆవిడ మళ్ళీ చెప్పింది. భాష రాని వాడిలా మొహం పెట్టి నిలబడ్డాను.

"వదలండి, అందరూ చూస్తున్నారు" అంది నీ మరదలు తల వంచుకుని. తన చెయ్యి మాత్రం లాక్కోలేదు. టీచరమ్మ నెత్తి కొట్టుకుని మా ఇద్దరికీ ఓ మూల చూపించింది. ఆ మూల నిలబడి ఏడ్చాం అక్కా, ఇద్దరం. వెనకాల ఆ దిక్కుమాలిన పాట మోగుతూనే ఉంది.

మానలేదు. సల్సా రాలేదు, వచ్చేలానూ లేదు. నీకు చెప్పమని తనే అంది. ఈసారి ఫోను నాకు కాదు, తనకి చెయ్యి. ఏమీ అడక్కు. తననే చెప్పనీ.

నీ తమ్ముడు