సీరియల్లో ఆ కొడుకు బతికాడు

బావా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. పొద్దున పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్లారు. సాయంత్రం మీ అమ్మా నేనూ ఎప్పటిలాగే టీవీ ముందు కూర్చున్నాం.

మొదటి సీరియల్ చప్పగా ఉంది. నెల రోజులుగా అదే పెళ్లి, తాళి మాత్రం పడదు. నువ్వుంటే, "ఈలోపు లారీడు రాయి పాలిష్ పట్టొచ్చే," అనేవాడివి. రెండోదాంట్లో అత్త వేషం వేసినామె బాగానే చేసింది గానీ, నిద్రలేచేసరికే ఒంటినిండా ఆ నగలేంటో.

మూడోదాంట్లో కొడుక్కి ఊపిరితిత్తుల జబ్బు. వాడి దగ్గు వింటే నువ్వే గుర్తొచ్చావు. వాడు మాత్రం ఒక్క ఇంజెక్షన్‌కి లేచి కూర్చుని, "అమ్మా, ఆకలేస్తుంది," అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మార్టూరు గ్రానైట్ ఫ్యాక్టరీలో పదకొండేళ్లు రాతిదుమ్ము పీల్చిన నువ్వు, చివరి రెండు నెలలూ పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చునే ఉన్నావు. గుక్కెడు నీళ్లు తాగడానికి కూడా మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేవాడివి.

"అంతా అబద్ధం అత్తా, కట్టేస్తున్నా," అంటూ రిమోట్ తీసుకున్నాను.

మీ అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యవే. ఆ తల్లికైనా కొడుకు దక్కాడుగా. కాసేపు చూడనియ్యి."

రిమోట్ పక్కన పెట్టేశాను బావా. ఎపిసోడ్ చివర్లో ఆ తల్లి వాడికి అన్నం కలిపి పెట్టింది. వాడు తినడం అయ్యేదాకా మీ అమ్మ రెప్పవేయకుండా చూసింది. నేను మీ అమ్మనే చూస్తూ కూర్చున్నాను.