అండాలు నడుము మీది వాతలు

బొంబాయి,
ఆదివారం.

బాపుకు, కొడుకు వెంకటేశం కాళ్ళకు మొక్కి రాసేది. నువ్వు, అమ్మ, తమ్ముడు బాగున్నారని అనుకుంటాను. అమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? నేను బాగున్నాను, వేళకు తింటున్నాను, మిల్లుకు పోతున్నాను, నా గురించి ఫికర్ చేయకండి. మేమిద్దరం బాగున్నామని రాయడానికి మాత్రం చేయి రావడం లేదు. నీ కోడలు అండాలు ఇంకా దవాఖానలోనే ఉంది, ఇరవై రోజులైంది.

ఇక్కడ వాన ఆగడం లేదు. ఆమె దవాఖానలో చేరాక నేను మిల్లు వాళ్ళతో ఉంటున్నాను, ఒక్క గదిలో ఎనిమిది మందిమి. గోడలకు బూజు, చాపలో నల్లులు, ఆరని బట్టల కంపు. మెస్సులో పప్పు మీద ఈగలు. అయినా ఇదంతా ఓర్చుకుంటాను గానీ, నా మీద నాకు పుట్టిన రోతను ఓర్చుకోలేకపోతున్నాను.

మన మర్రిగూడలో ఎవరి నడుము పట్టేసినా, ఎవరి కాళ్ళు వంకరపోయినా నీళ్ళ జబ్బే అంటాం. అబద్ధం కాదు, సగం ఊరు ఆ బావి నీళ్ళకే వంగిపోయింది. అందుకే అండాలు కాళ్ళు తడబడగానే అందరం అదే అన్నాం. నీళ్ళు మారిస్తే బాగవుతుందని నువ్వే నాతో మగ్గం మాన్పించి మా ఇద్దరినీ ఇక్కడికి పంపావు. నేను రోజూ దగ్గర కూర్చుని చెంబులకొద్దీ పంపు నీళ్ళు తాగించాను. మంచి తీపి నీళ్ళు, నెలలో లేచి తిరుగుతుందని నీకు గొప్పగా రాశాను. ఆ నెలలోనే ఆమె మంచం పట్టింది. పక్కలోనే ఒంటికి పోయినా ఆమెకు తెలియడం మానేసింది. అప్పుడు గానీ నాకు భయం పుట్టలేదు. పెద్ద దవాఖానకు ఎత్తుకుపోయాను.

వెన్నులోకి రంగుమందు ఎక్కించి ఫొటోలు తీశారు. మందు వీపు మధ్యలో ఆగిపోయింది. డాక్టరు ఉర్దూలో నిదానంగా చెప్పాడు. ఎముకకు ఏమీ కాలేదట, దాని లోపల ఉండే వెన్నుపాములోనే గడ్డ పుట్టిందట. నరాలకు ఆసరాగా నక్షత్రాల ఆకారంలో కణాలు ఉంటాయట, అవే అదుపు తప్పి పెరిగి ఉండవచ్చునట, కోసి చూస్తే గానీ తేలదట. చాలా అరుదైన జబ్బు, నీళ్ళతో సంబంధమే లేదన్నాడు.

తర్వాత ఆమె నడుము మీది మచ్చలు చూసి ఇవేమిటని అడిగాడు. నడుము బాగవుతుందని ఊళ్ళో పెట్టించిన వాతలన్నాను. పెట్టేటప్పుడు ఏడ్చిందా అన్నాడు. లేదన్నాను. మన ఊరి నాటువైద్యుడు చువ్వ కాల్చి నాలుగు చోట్ల పెట్టినా అండాలు కిక్కురుమనలేదు కదా బాపు. "నా కోడలు గట్టి పిల్లరా, కండ్లల్ల నీళ్ళు గూడ రాలె" అని నువ్వు వాడకట్టంతా చెప్పుకున్నావు. డాక్టరు తల పట్టుకున్నాడు. అక్కడ ఆమెకు స్పర్శే లేదట. అప్పుడే తెచ్చి ఉంటే గడ్డ చిన్నగా ఉండేదేమో అన్నాడు.

ఆ కాలిన వాసన ఇప్పుడు అన్నం ముందు కూర్చున్నా వస్తోంది. ఛీ, మనుషులమేనా మనం? కాలి చెప్పు జారిపోయినా తెలియక ఆమె నడుస్తుంటే నేను నవ్వాను. మగ్గానికి నూలు కండెలు చుట్టలేక కూర్చుంటే "పని జెయ్యబుద్ధి గాక ఏషాలేస్తాంది" అని అమ్మ అంది. నేనూ అవునన్నాను.

వెన్ను కోయాలంటున్నారని నేను రాసిన కార్డుకు నీ ఉత్తరం అందింది. వెన్ను కోయించొద్దు, వెంటనే తోలుకొని రా, కట్టంగూర్‌లో ఇంకో వైద్యుడున్నాడని రాయించావు. నీ మాట ఎన్నడూ కాదనలేదు. ఇప్పుడు కాదంటున్నాను, కోపం చేయకు. గురువారం కోస్తారు. గడ్డ పూర్తిగా రాకపోవచ్చు, కాళ్ళూ తిరిగి రాకపోవచ్చు, ఊరుకుంటే మాత్రం ఇంకా పైకి పాకుతుందన్నారు. సంతకం పెట్టాను. అమ్మతో చెప్పి రెండు పాత నూలు చీరలు పంపు, ఆమె కింద పరచడానికి కావాలి. ఇక్కడి గుడ్డలు ముట్టుకోబుద్ధి కాదు.

సంతకానికి ముందు నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను. మొహం గోడ వైపు తిప్పి అంది: "కాళ్ళు వస్తె రాని, పోతె పోని. నన్ను మాత్రం గా ఇంటికి తోల్కపోకు. గాడ నన్ను కాలుస్తుంటె అందరు నిలవడి సూశిండ్రు. నువ్వు నా చేతులు వట్టుకున్నవ్."

నేను పోయి సంతకం పెట్టి వచ్చాను.

నీకు, అమ్మకు నా దండాలు. గురువారం మంచి జరగాలని దీవించండి. తన దండాలు కూడా రాయనా అని అండాలును అడిగాను. వద్దని తల ఊపింది. అందుకే రాయడం లేదు.

నీ కొడుకు,
వెంకటేశం