రాళ్లతోట సాక్షి

బిలాస్‌పూర్,
9 నవంబర్ 2025

గౌరవనీయులైన ఆండాళ్ వదినగారికి,

పక్క క్వార్టరు మాధవీలత నమస్కారాలు. మేమిక్కడ కులాసా. కర్గీ రోడ్ స్టేషన్లో బుకింగ్ కిటికీ దగ్గర కొత్త డ్యూటీ మీకు ఈపాటికి అలవాటై ఉంటుందని, మోకాలి నొప్పి కాస్త తగ్గి ఉంటుందని తలుస్తాను. ఆదివారం ఆదివారం ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, ఈ ఉత్తరమేమిటని అనుకుంటున్నారేమో. మీ గొంతు వినగానే నేను చెప్పాలనుకున్నది పక్కకు పోయి గోల్ బజార్ కూరల్లోకి దిగిపోతున్నాను. కాగితం మీదైతే మీరు మధ్యలో నన్ను నవ్వించలేరు.

ముందు మంచి కబురు. మీ రాళ్లతోటలో కుండేటి కొమ్ములు మళ్లీ చిగురు వేశాయి. మీ క్వార్టరు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు కాబట్టి పెరటి గేటులోంచి రోజూ వెళ్లి చూస్తున్నాను. రాళ్లు కూడా చాలావరకు యథాస్థానంలో పెట్టాను. ప్రతి రాయీ మూడోవంతు మట్టిలో దిగాలని, లేకపోతే పిలవని పేరంటానికి వచ్చినదానిలా నిలబడి ఉంటుందని మీరు చెప్పిన మాట గుర్తుంచుకునే పాతాను. నడుం పట్టేసింది. మా ఆయన జగన్నాథంగారు లోకో షెడ్ నుంచి రాగానే నా అవతారం చూసి, ఈ వయసులో గ్యాంగ్‌మన్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టావా అన్నారు.

ఆ తోట మొదలుపెట్టిన రోజులు బాగుండేవి కదా వదినా. అర్పా నదిలో నున్నటి రాళ్లు ఏరి గోనెసంచిలో వేసి మీ స్కూటీ వెనక నేను పట్టుకు కూర్చునేదాన్ని. అడుగున ఇటుకముక్కలు, పైన బొగ్గు, దాని మీద ముతక ఇసుక. నీళ్లు నిలవకూడదని ఒకవైపు వాలు. మన వరసలో అందరూ బంతీ చేమంతీ వేసుకుంటుంటే మీరు పొట్ట ఉబ్బిన ఎడారి గులాబీలు, శ్రీకాకుళం కొండల మీంచి తెచ్చిన కుండేటి కొమ్ములు, గుజరాత్ నుంచి పోస్టులో తెప్పించిన ఆ నక్షత్రం మొక్క పెట్టారు. అది వచ్చినప్పుడు చిటికెన వేలంత. ఆకు లేదు, అందం లేదు. సాయంత్రం టీ గ్లాసులు పట్టుకుని మెట్ల మీద కూర్చుని, ఏ రాతి సందులో ఏ కొత్త మొగ్గ తొంగిచూసిందో వెతుక్కునేవాళ్లం. అంత సుఖం నాకు మరెక్కడా దొరకలేదు, ఉన్నమాట చెప్తున్నాను.

తోట చూడ్డానికి ఆఫీసర్ల ఇళ్లనుంచి కూడా ఆడవాళ్లు వచ్చేవారు. మాధవి నీళ్లు పోస్తే రాయి కూడా కుళ్లిపోతుందని, ఒక ఎడారి గులాబీని అలాగే చంపిందని మీరు చెప్పి అందర్నీ నవ్వించేవారు. చంపిన మాట నిజమే. నేనూ నవ్వేదాన్ని. క్లబ్బు వాళ్లు బోర్డు మీద తోట ఫొటో పెట్టి కింద మీ పేరు ఒక్కటే రాసినప్పుడు కూడా లడ్డూలు పంచింది నేనే.

ఇక అసలు సంగతికి వస్తాను. పద్దెనిమిదిన అప్పారావు మీద ఎంక్వైరీ. మీరు వస్తున్నారని తెలిసింది. అప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు.

ఆ సెప్టెంబరు పదిహేడు మీరు మరిచిపోలేరు, నేనూ మరిచిపోలేదు. మీరు ట్రైనింగ్‌కని మూడు రోజులు నాగ్‌పూర్ వెళ్లారు. విశ్వకర్మ పూజ కాబట్టి కాలనీ అంతా షెడ్లోనే ఉంది. మన వరసలో ఎలుక చచ్చిన కంపు కొడుతోందని ఎవరో ఫోన్ చేశారు. సఫాయి కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు కదా, అప్పారావు ఇద్దరు మనుషులతో వచ్చాడు. రాళ్లన్నీ తిరగేసి తవ్వించాడు. ఎలుక దొరక్కపోతే మట్టినిండా బ్లీచింగ్ చల్లించి, ఫినాయిల్ పోయించి వెళ్లాడు. మర్నాడు మీరు వచ్చి గేటు దగ్గరే బ్యాగు వదిలేసి నేల మీద కూలబడ్డారు. నాలుగేళ్లకు నక్షత్రం మొక్కకు వచ్చిన మొదటి మొగ్గ. ఇంకా వారం పడుతుంది, నేనొచ్చాకే విచ్చుకో అని దానికి చెప్పి మరీ వెళ్లారు.

రైల్వేలో చీమ చిటుక్కుమన్నా జాయింట్ నోట్ రాయాల్సిందే కదా. కాలనీ ఇన్‌స్పెక్టరు దిలీప్‌గారు మీ వరండాలోనే కూర్చుని రాశారు. సూపర్‌వైజరు ఎవర్నీ అడగకుండా తోట తవ్వించాడని, పక్క క్వార్టరు వాళ్లు పూజకు వెళ్లి సాయంత్రందాకా ఇంట్లో లేరని. మీ సంతకం, అప్పారావు సంతకం, సాక్షిగా నా సంతకం. ‘అడిగే తవ్వించినానండి’ అని అతను గొణుగుతూనే పెట్టాడు. ఎవర్ని అడిగావంటే నోరు విప్పలేదు. అబద్ధమాడుతున్నాడని అందరూ తేల్చేశారు. మీరేమో ఆ పెరడు చూడలేక కర్గీ రోడ్‌కి బదిలీ పెట్టుకుని వెళ్లిపోయారు.

అప్పటినుంచి అతనికి డ్యూటీ లేదు. పద్దెనిమిదిన తప్పు అతనిదేనని తేలితే మళ్లీ ఈ కాలనీలో అడుగు పెట్టనివ్వరు. వదినా, మీరు ఫిర్యాదు వెనక్కి తీసుకోండి. మీ కోపం న్యాయమైనదే. అయినా అతని మీద వద్దు. ఎందుకు వద్దో అడక్కుండా నా మాట వినండి అని రాద్దామనుకున్నాను. అలా అడిగే యోగ్యత నాకు లేదు.

ఉంటాను. ఆరోగ్యం జాగ్రత్త.

మీ
మాధవీలత

తా.క. : పై ఉత్తరం రాసి మూడు రోజులైంది. కవరు అంటించాను, మళ్లీ చింపాను. నిన్న అప్పారావు భార్య వచ్చింది. తగువుకు రాలేదు. గుమ్మంలో నిలబడి, ‘మా ఆయన మీ పేరు ఎక్కడా సెప్పలేదమ్మా. ఆయమ్మే సెప్తాది, మనం సెప్పడం ఏటి అంటన్నాడు’ అని వెళ్లిపోయింది.

ఆ రోజు నేను తలనొప్పని మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాను. అప్పారావు నా తలుపే కొట్టాడు. ‘అమ్మా, ఏటీ కంపు? ఎలక సచ్చినట్టుంది. ఆండాళమ్మ తోటలోనుంచే వస్తంది, తవ్వీమంటారేటి?’ అని నన్నే అడిగాడు. అది ఎలుక కాదని నాకు తెలుసు. ఆ మొక్క పూస్తే కుళ్లిన మాంసం కంపు వస్తుందని, ఈగలు రావడానికే దానికా వాసన అని మీరు నాకొక్కదానికే చెప్పారు. వారం ఉందని మీ లెక్క కాబట్టి మీకు అనుమానం రాలేదు. అది ముందే విచ్చుకుందని నేను పొద్దునే చూశాను. పెద్ద రాయి వెనక ఉంది, అతనికి కనబడలేదు. పువ్వని ఒక్క మాట అంటే వెళ్లిపోయేవాడు. ఆ రాళ్ల కిందే చూడు, బాగా తవ్వు అన్నాను. మీరు నన్ను చూపించి నవ్వించిన నవ్వులన్నీ ఆ ఒక్క నిమిషంలో గుర్తుకొచ్చాయి. వేరే కారణమేమీ లేదు.

ఈ పొద్దున దిలీప్‌గారికి ఇదంతా హిందీలో రాసి ఇచ్చాను. మా ఆయనకూ చెప్పాను. ఇద్దరికీ చెప్పడం ఇంత కష్టం కాలేదు. పద్దెనిమిదిన నేనూ వస్తాను, మీరు నా మొహం చూడనక్కరలేదు.

ఒక్క సంగతి మాత్రం మీకు దక్కాలి. ఆ పువ్వు అన్నం పళ్లెమంత ఉంది. లేత పసుపు మీద సన్నటి ఎర్ర గీతలు, ఒళ్లంతా పసిపిల్ల చెవి మీది నూగులాంటి వెంట్రుకలు. అయిదు రేకులూ పూర్తిగా వెనక్కి విచ్చుకున్నాయి. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాను. చాలా బాగుంది వదినా.